కుంగిన బండి – లేపిన దిండు

కారు ఎత్తును గురించి కళాశాల వార్షిక సంచికలో వ్యాసమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. తెలుగు పాఠాలు చెప్పుకునేవారికి స్ప్రింగులతో ఏమి పని అని మా మిత్రులే పరిహసించారు. అయితే మన విద్యార్థులలో చాలామంది ప్రతి ఉదయం జీపులలో, ఆటోలలో కిక్కిరిసి వస్తున్నారు. ఆ బండ్ల కింద ఏమి జరుగుతున్నదో ఆలోచించడం మా పని కాదని మేము అనుకోవడం లేదు.

బోథ్ దారులను ఎరిగినవారికి రేగడి నేల స్వభావం కొత్తగా చెప్పనక్కరలేదు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే ఆ నల్లని నేల మీద ఎంత చక్కగా తారు పరచినా కొన్ని వానకాలాలు గడిచేసరికి రోడ్డు అలలు తేలుతుంది. పత్తి కాలంలో బరువు బండ్లు నడిచి చక్రాల జాడలు లోతుగా పడతాయి. నడుమ గడ్డ మిగులుతుంది. ఆ గడ్డ కారు పొట్టకు తగిలినప్పుడు వచ్చే చప్పుడు యజమాని గుండెలో వినిపిస్తుంది. ఇక అతడు నేరుగా మిస్త్రీ వద్దకు పోయి “బండి లేపు” అంటాడు.

మేమూ అట్లే పోయాము. మా పాత చిన్న కారు వెనుక భాగం ఏళ్ల తరబడి కుంగి, రాత్రివేళ దీపాలు ఆకాశం చూడసాగాయి. ఎదురుగా వచ్చే లారీవారు మమ్మల్ని ఏమేమి అన్నారో ఇక్కడ రాయలేము. మిస్త్రీ బండి కింద దూరి చూసి, “సర్, కిత్నా ఉఠానా?” అని అడిగాడు. ఎంత లేపాలి? అంతకంటె సరియైన ప్రశ్న లేదు. ఆ ప్రశ్నకు మేమిచ్చిన జవాబు మాత్రం బుద్ధిహీనమైనది. “ఎంత వీలైతే అంత” అన్నాము. అతడు మందమైన రబ్బరు దిండ్లు వేశాడు. కారు తోక లేచింది, ముక్కు వంగింది. దీపాల వెలుగు నాలుగు బారల ముందే నేల మీద కుప్పగా పడింది. ఆ రాత్రి నిర్మల్ ఘాటు దిగుతూ ప్రతి మలుపు వద్ద మేము పడిన భయం మరచిపోలేము. మరునాడు మళ్లీ అదే మిస్త్రీ వద్దకు పోయి, కొలిచి, పలుచని దిండ్లు వేయించుకున్నాము.

స్ప్రింగు కొసకు, అది కూర్చునే ఇనుప పీటకు నడుమ ఉండే రబ్బరు మెత్తనే మిస్త్రీలు ప్యాడ్ అంటారు. ఇనుమును ఇనుము కొరకకుండా, చప్పుడు లోపలికి రాకుండా చూడడం దాని మొదటి పని. ఎత్తును సరిచేయడం రెండవ పని. జర్మనీ వారి మెర్సిడెస్ కార్లలో, 1976 నాటి డబ్ల్యు 123లోనూ, 1984లో వెలువడి 1995 నుంచి పుణెలో కూడా తయారైన డబ్ల్యు 124లోనూ, ఈ దిండ్లు వేర్వేరు మందాలలో లభించేవి. దిండు అంచున ఒకటి మొదలు నాలుగు వరకు బొడిపెలు ఉంటాయి. బొడిపె పెరిగినకొద్దీ మందం సుమారు 5 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. చీకటిలో వేలితో తడిమి ఏ దిండో చెప్పవచ్చును. ఒకవైపు కుంగితే ఆ వైపున ఒక బొడిపె ఎక్కువ ఉన్నది వేస్తారు. డ్రైవరు ఎప్పుడూ ఒకే పక్కన కూర్చుంటాడు గనుక ఈ ఎచ్చుతగ్గులు సహజమే. ఇంత పెద్ద కంపెనీ బేరమాడింది మిల్లీమీటర్లతో. మనం అడుగుతున్నది బెత్తెళ్లు.

మిల్లీమీటరు చిన్నదని తోచవచ్చును. ఏతం చూసినవారికి చెప్పనక్కరలేదు గదా, నడుమ కొద్దిగా కదిలితే కొస ఎంతో కదులుతుంది. చాలా బండ్లలో స్ప్రింగు చక్రానికి లోపలిగా, మోసే చేయి మీద కూర్చుంటుంది. అందుచేత దిండు మందం కంటె కారు లేచే ఎత్తు ఎక్కువ. లేచినకొద్దీ బరువు పైకి జరిగి మలుపులో బండి ఎక్కువగా ఒరుగుతుంది. షాక్ అబ్జార్బరు అప్పటికే సాగి ఉండడం వల్ల చక్రం గుంతలో దిగినప్పుడు ‘ఠక్’మని తగులుతుంది. ముందు చక్రాల అలైన్‌మెంటు తప్పి టైర్లు ఒక పక్కే అరుగుతాయి. స్ప్రింగు చుట్ల నడుమ దూర్చే రబ్బరు బఫర్లది మరొక కథ. అవి ఆ చుట్లను కదలనీయవు. వాటి శ్రమ తక్కిన చుట్లు పడతాయి.

ఇంతవరకు కార్ల సంగతి. మా అసలు బాధ జీపులను గురించినది. ఉర్దూలో కమాన్ అంటే విల్లు. ఆ మాటే తెలుగులో కమాను అయి జీపు కింది పట్టీలకు పేరైనది. ఉర్దూ శాఖవారూ మేమూ తగవు లేకుండా పంచుకునే మాటలలో ఇది ఒకటి. ఈ కమాను కట్టకు ఒక పట్టీ అదనంగా చేర్చితే బండి లేస్తుంది, గట్టిపడుతుంది. పదిమంది ఎక్కవలసిన చోట ఇరవైమంది ఎక్కినా కుంగదు. కుంగదు గనుక చూసేవారికి బరువు తెలియదు, ఎక్కేవారికి భయం కలుగదు. కాని బ్రేకులు పాతవే, ఇరుసు పాతదే, టైర్లు పాతవే. కుంగడమన్నది బండి ఇచ్చే సాక్ష్యం. పట్టీ వేసి మనం ఆ సాక్షి నోరు కట్టేస్తున్నాము. ఆ బండిలో వెనుక కమ్మీ పట్టుకొని నిలబడి వచ్చేది మన పిల్లలే.

చట్టం లేకపోలేదు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే గట్టిగా చెప్పింది. అరిగిన దిండు స్థానంలో అదే కొలత దిండు వేయడం మరమ్మతు, కొలత మించితే అది మార్పు అని మేము భావిస్తున్నాము. అయితే జీపు నడుపుకొని బతికేవానికి ఈ సెక్షను చదివి వినిపించి ఊరుకోవడం న్యాయం కాదు. రెండు బస్సుల నడుమ గంటల తరబడి వ్యవధి ఉన్న పల్లెకు అతడే దిక్కు. రోడ్డు వంకరను ప్రతివాడూ తన సొంత డబ్బుతో, తన బండి కింద రబ్బరు వేసుకొని సరిచేసుకోవలసి వస్తున్నదన్నదే అన్యాయం.

ఫ్రాన్సులో సిత్రొయెన్ కంపెనీ పెద్దలు 1930లలో తమ ఇంజనీర్లకు ఒక షరతు పెట్టారు. గుడ్ల బుట్టతో దున్నిన చేను మీదుగా పోయినా ఒక్క గుడ్డు పగులకూడదు. ఆ కారు, టూ సీవీ, 1948లో లోకానికి కనిపించింది. రైతును తలచుకొని గీసిన బండి అది. మన రైతులు, మన పిల్లలు ఎక్కే బండ్లకు మాత్రం ఆ షరతు ఊరి మిస్త్రీ మీద పడింది. అతనికి కొలత పుస్తకం ఇచ్చినవారు లేరు.

మరి రోడ్డు మీది దిమ్మల సంగతి? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం వేగనిరోధకం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండవలసి ఉండేది. అంటే కనబడీ కనబడని మెల్లని గుట్ట. మన ఊళ్లలో కట్టేది వెడల్పు లేని గోడ. దానిని కట్టినవారిని మేము నిందించలేము. ఎవరి పిల్లవానికో బండి తగిలిన మరునాడే సాధారణంగా అది వెలుస్తుంది. కాని ఆ గోడను దాటడానికి బండ్లు లేస్తున్నాయి, లేచిన బండ్లు మలుపులో ఒరుగుతున్నాయి.

మొన్న మేమూ మిస్త్రీ కలిసి మా దారిలోని ఒక దిమ్మను టేపుతో కొలిచాము. పది ఎప్పుడో దాటింది. అతడు నవ్వి, “సార్, దీని కిందికెల్లి ఒక ప్యాడ్ తీస్తే సరిపోతది” అన్నాడు. ఆ మాటనే కాస్త మర్యాదగా మార్చి ఆ ఊరి పంచాయతీకి అర్జీ రాశాము, తెలుగులో ఒక ప్రతి, ఉర్దూలో ఒక ప్రతి. టేపు మా వద్దనే ఉన్నది. పిలిచిననాడు తీసుకొని వస్తాము.