అరవై ఏట హైదరాబాదు ప్రయాణం

ప్రశ్న: డాక్టరుగారూ! నా మిత్రునికి వచ్చే నెల 60 ఏళ్ళు నిండుతాయి. నలుగురం కలిసి రెండు రోజులు హైదరాబాదులో వేడుక చేయాలనుకున్నాము. అతనికి చక్కెర జబ్బు ఉంది, మాత్రలు వాడుతున్నాడు. ఈమధ్య మెట్లెక్కితే ఛాతీ బిగపట్టినట్లుంటోందట. తీసుకువెళ్ళవచ్చునా?
— ఒక పాఠకుడు, ముత్యంపేట

జవాబు: ఇప్పుడే వద్దు. మెట్లెక్కితే ఛాతీ బిగపట్టడం, ఆగితే తగ్గడం గుండెకు రక్తం చాలడం లేదనడానికి గుర్తు కావచ్చును. ఈ వారమే జగిత్యాల ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. కూర్చోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన గుండె బాగున్నట్లు కాదు. మెట్ల సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. వేడుక నెల ఆలస్యమైనా నష్టం లేదు.

డాక్టరు సరేనన్నాక బయలుదేరండి. మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. దారిలో భోజనం ఆలస్యమై చెమట, వణుకు, కళ్ళు తిరగడం వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయరాదు. కొత్త చెప్పులు వద్దు. పాదం ఒరుసుకుంటే పుండు పడుతుంది. గోల్కొండ బారాదరికి 300కు పైగా మెట్లున్నాయి, అది మానండి. సాలార్‌జంగ్ మ్యూజియం నిదానంగా చూపించండి, శుక్రవారం సెలవు. కూర్చున్నా ఛాతీనొప్పి తగ్గకపోతే వెంటనే 108కి ఫోను చేయండి.