బాలింతకు అరగంట ఇవ్వండి

"ఏమ్మా, కాన్పయి ఆరు నెల్లయిందే, ఒళ్లింకా తగ్గలేదా?"

ఎన్నూరు స్టేషన్లో సూళ్లూరుపేట లోకల్ కోసం నిలబడి ఉండగా చెవిన పడిన మాట ఇది. చంటిబిడ్డను భుజాన వేసుకున్న ఓ అమ్మాయిని వాళ్ల చుట్టం ఒకావిడ అడిగింది. అడిగినావిడకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. కానీ ఆ అమ్మాయి చప్పున కొంగు పొట్ట మీదికి లాక్కుంది. నవ్వలేక నవ్వి, "రాత్రిపూట అన్నం మానేశాను పిన్నీ" అంది. "మంచి పని చేశావ్" అంది పిన్ని.

మంచి పనా? పాలిచ్చే తల్లి రాత్రి పస్తు పడుకోవడం మంచి పని ఎలా అవుతుంది? బండి వచ్చింది, ఎవరి దారిన వాళ్లు ఎక్కారు. ఆ మాట మాత్రం నాతోనే ఇంటిదాకా వచ్చింది.

మన ఇళ్లల్లో బాలింత విషయంలో రెండు తప్పులు ఒకదాని వెనక ఒకటి జరుగుతున్నాయి. మొదటి మూడు నెలలు "తిను, కదలకు" అంటాం. నాలుగో నెల నుంచి "ఇంత లావయ్యావేంటి?" అంటాం. పెట్టిందీ మనమే, కూర్చోబెట్టిందీ మనమే, చివరికి దెప్పేదీ మనమే. మధ్యలో ఆ పిల్ల ఏం చేస్తుంది? తిండి మానేస్తుంది. లేకపోతే టీవీలో చూసిన పొడి ఏదో కొని నీళ్లల్లో కలుపుకుంటుంది.

తొమ్మిది నెలల బరువు

ముందు లెక్క చూద్దాం. గర్భంతో ఉన్నప్పుడు పది, పన్నెండు కిలోలు పెరగడం సహజం. కాన్పుతో బిడ్డ, మాయ, ఉమ్మనీరు అన్నీ కలిపి అయిదారు కిలోలు పోతాయి. మిగిలింది పాలివ్వడం కోసం ఒళ్లు దాచుకున్న నిల్వ. తొమ్మిది నెలలు ఎక్కిన బరువు తొమ్మిది వారాల్లో దిగాలనడం న్యాయం కాదు. వారానికి అర కిలో చొప్పున తగ్గితే క్షేమమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది మామూలు మనుషులకు చెప్పిన మాట. పాలిచ్చే తల్లి అంతకన్నా నెమ్మదిగా తగ్గినా బెంగ పడాల్సిన పని లేదు.

ఆ సంస్థ లెక్క ప్రకారమే పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 క్యాలరీలు, ఆ తర్వాతి ఆరు నెలలు 520 క్యాలరీలు అదనంగా కావాలి. అంటే ఇంచుమించు ఒక పూట భోజనం ఎక్కువ తినాలన్నమాట. అలాంటి మనిషి ఉన్న పూట కూడా మానేస్తే నీరసం వస్తుంది, చిరాకు వస్తుంది. తెల్లారి ఆకలికి తట్టుకోలేక బిస్కెట్ల డబ్బా ఖాళీ అవుతుంది. బరువు మాత్రం అక్కడే ఉంటుంది. పైగా తమిళనాడులో సగానికి పైగా ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. రక్తం తక్కువైన తల్లిని పస్తు పెట్టడం కన్నా అన్యాయం ఏముంది?

అట్లాగని లావు సంగతి పట్టించుకోవద్దా అంటే, పట్టించుకోవాలి. అదే సర్వే ప్రకారం తమిళనాడులో అధిక బరువున్న ఆడవాళ్లు నూటికి 40 మంది. అంతకు ముందు 2015-16 సర్వేలో 31 మందే. ఆంధ్రలోనూ నూటికి 36 మంది ఉన్నారు. సరిహద్దుకు అటూ ఇటూ కథ ఒకటే. కాన్పుకీ కాన్పుకీ మధ్య దిగని బరువు రెండో కాన్పులో ఇంకొంచెం ఎక్కుతుంది. నలభై ఏళ్లకు మోకాళ్లు, షుగరు, బీపీ పలకరిస్తాయి.

పథ్యంలో మంచీ చెడూ

పాతకాలం పథ్యమంతా తప్పని నేననను. మిరియాల చారు, వెల్లుల్లి, మునగాకు, మెత్తటి అన్నం కడుపుకు హాయిగానే ఉంటాయి. అసలు చిక్కు కొలతలో ఉంది. మనవాళ్లు చేసే కాయంలోనూ, ఇక్కడివాళ్లు చేసే ప్రసవ లేహ్యంలోనూ బెల్లం, నెయ్యి దండిగా పడతాయి. ఉసిరికాయంత తినాల్సింది గిన్నెడు తింటే అది మందు కాదు, మిఠాయి. అన్నంలో నాలుగు పెద్ద చెంచాల నెయ్యి పోస్తే అక్కడికే 500 క్యాలరీలు దగ్గర పడ్డాయి. ఒక పూట భోజనం నెయ్యి రూపంలోనే అయిపోయింది, ఆకలి మాత్రం తీరలేదు. ఇక బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలనే పట్టింపు ఇప్పటికైనా వదలాలి. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ. దాహమైనప్పుడల్లా తాగనివ్వాలి.

మన కుప్పాల్లో బాలింతకు పాల సొర వండి పెట్టడం మర్యాద. పాలు పడతాయని నమ్మకం. అయితే సొర జాతి చేపల్లో పాదరసం ఎక్కువగా పోగుపడుతుంది కాబట్టి పాలిచ్చే తల్లులు వాటికి దూరంగా ఉండటం మేలు. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపల్ని వేపకుండా పులుసు పెట్టండి. బలానికి బలం, నూనె కూడా తగ్గుతుంది.

మార్పులు పెద్దవి అక్కర్లేదు. రోజుకు నాలుగు కాఫీలు, కాఫీకి రెండు చెంచాల పంచదార అనుకోండి, ముప్పై గ్రాములు దాటిపోయింది. చెంచా ఒకటికి తగ్గిస్తే ఎవరూ పస్తున్నట్టు కాదు. అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, కూర ఒక గరిటె పెంచండి. సాయంత్రం బజ్జీల బదులు ఉడికించిన శనగలో, పల్లీలో. పొద్దున రాగి జావ. టీవీ ముందు కాకుండా కూర్చుని ఒక పద్ధతిలో తినడం. వారానికి ఒక్క మార్పు చొప్పున చేసుకున్నా, బిడ్డ బోర్లాపడే నాటికి ఇంట్లో చాలా మారుతుంది.

బిడ్డను ఎత్తుకునేదెవరు?

నడవమని డాక్టర్లందరూ చెబుతారు. కాన్పయిన ఆడవాళ్లు వారానికి 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రోజుకు అరగంట కూడా కాదు. మామూలు కాన్పయితే ఓపికను బట్టి కొద్ది రోజుల్లోనే ఇంట్లో నెమ్మదిగా నడక మొదలుపెట్టొచ్చు. ఆపరేషన్ అయినవాళ్లు కూడా మెల్లగా అటూ ఇటూ తిరగొచ్చు గానీ, గట్టి వ్యాయామం మాత్రం ఆరు వారాల తర్వాత డాక్టర్ని అడిగాకే. ఒకేసారి అరగంట దొరక్కపోతే పది నిమిషాలు మూడుసార్లు నడిచినా లెక్కే.

అయితే ఆ పది నిమిషాలు ఎక్కణ్నుంచి వస్తాయి? రాత్రంతా బిడ్డ ఏడుపు, పొద్దున వంట, మధ్యాహ్నం గుడ్డలు. నిద్ర చాలని ఒంటికి ఆకలి ఎక్కువ, తీపి మీదికి మనసు ఎక్కువ పోతుంది. ఇది సోమరితనం కాదు, ఒంటి ధర్మం. అందుకే నేననేది ఒకటే. బాలింత సన్నబడటం ఆమె ఒక్కదాని పని కాదు, ఇంటిల్లిపాది పని. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన అబ్బాయి బిడ్డను అరగంట ఎత్తుకోవాలి. అత్తగారు "నేను చూస్తాలే, నువ్వలా తిరిగి రా" అనాలి. ఆ మాట ఏ పొడి కన్నా బాగా పనిచేస్తుంది.

ఇక బయటికొస్తే నడిచేదెక్కడ? ఎన్నూరు వాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద కంటైనర్ లారీల దుమ్ము. 2023 డిసెంబర్ 26 రాత్రి సముద్రంలోని పైపు నుంచి అమ్మోనియా లీకైనప్పుడు పెరియకుప్పం జనం పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తిన సంగతి ఎవరు మరిచారు? ఇలాంటి చోట బిడ్డ తల్లిని "వెళ్లి నడు" అనేస్తే సరిపోదు. లారీలు తక్కువగా తిరిగే వేళ, లోపలి వీధులు చూసుకోవాలి. గాలి బాగోలేని రోజు ఇంట్లోనో మేడ మెట్ల దగ్గరో నడవాలి. 2011 నుంచి మనం చెన్నై కార్పొరేషన్‌లో ఉన్నాం. నీడ, లైట్లు, కూర్చోవడానికి బల్ల ఉన్న నడక బాట ఒకటి వార్డుకు అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

చివరగా ఇంకో మాట. టీకాల కోసం బిడ్డను ఆరు, పది, పద్నాలుగు వారాలకు తీసుకెళ్తాం. బిడ్డ బరువు కార్డులో ఎక్కుతుంది, ఇంటికొచ్చి అందరికీ చెప్పుకుంటాం. అదే రోజు తల్లి బరువు, బీపీ, రక్తం కూడా చూడమని అడగండి. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవాళ్లు ఆరు నుంచి పన్నెండు వారాల లోపల మళ్లీ పరీక్ష చేయించుకు తీరాలి. కాన్పుతో పోయిందిలే అనుకున్న షుగరు కొన్నేళ్లకు తిరిగి వస్తుంది. తిండి తగ్గించినా బరువు తగ్గక, విపరీతంగా నీరసం ఉంటే థైరాయిడ్ కూడా చూపించుకోవాలి.

ఆ రోజు స్టేషన్లో పిన్ని అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. "ఒళ్లింకా తగ్గలేదా?" అని కాదు. "అన్నం తిన్నావా? నిద్ర పోతున్నావా? బిడ్డనిలా ఇవ్వు, బండి వచ్చేలోగా ప్లాట్‌ఫారం ఆ చివరిదాకా నడిచి రా" అని. అలా అడిగే పిన్ని ఇంటికొకరుంటే చాలు, బరువు దానంతటదే దిగుతుంది.