మాస్టారికి ఆ నాలుగు మ్యాచ్‌లు ఇవ్వాల్సింది

2018 జూన్ 15. రష్యాలోని ఎకాతెరిన్‌బర్గ్‌లో ఉరుగ్వే, ఈజిప్టు ప్రపంచకప్ మ్యాచ్. 89వ నిమిషం దాకా గోల్ లేదు. కుడివైపు నుంచి ఫ్రీకిక్ వచ్చింది. ఉరుగ్వే డిఫెండర్ జిమెనెజ్ అందరికంటే పైకెగిరి తలతో కొట్టాడు, గోల్! నరాల జబ్బుతో ఊతకర్ర లేనిదే నడవలేని 71 ఏళ్ల ఉరుగ్వే కోచ్ ఆస్కార్ తబారెస్ బెంచీ మీంచి లేచి నిలబడ్డారు. టీవీ ముందు నేనూ లేచాను.

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై ఏళ్లకు పైగా పీఈటీగా పనిచేశాను. తబారెస్ మీద నాకు ఇంత అభిమానం ఎందుకంటే, ఆయనా బడిపంతులే. మాంటెవిడియోలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతూనే క్లబ్బుల్లో డిఫెండర్‌గా ఆడారు. దేశం తరఫున ఆడే అవకాశం ఏనాడూ రాలేదు. కోచ్ అయ్యాక 1987లో పెన్యరోల్ క్లబ్‌కు దక్షిణ అమెరికా క్లబ్బుల కప్ కోపా లిబెర్తదోరెస్ సాధించిపెట్టారు. ఇటలీలో మిలాన్ క్లబ్ కొన్ని నెలలకే పంపేసింది. ఎక్కడ పనిచేసినా సొంత జనానికి ఆయన 'మాస్టారే'.

2006 ప్రపంచకప్‌కు ఉరుగ్వే అర్హతే సాధించలేదు. హైదరాబాద్‌లో ఉన్నంత జనం కూడా లేని దేశం అది. ఆ ఏడాది పగ్గాలు రెండోసారి అందుకున్న తబారెస్, పిల్లల జట్ల నుంచి పెద్ద జట్టు దాకా అంతా ఒకే పద్ధతిలో నడవాలన్నారు. చదువునీ నడవడినీ శిక్షణలో కలిపేశారు. 2010 ప్రపంచకప్‌లో నాలుగో స్థానం, 2011లో దక్షిణ అమెరికా దేశాల కప్ కోపా అమెరికా వచ్చాయి. నేను మాత్రం 2013 చూడమంటాను. అండర్-20 ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లిన కుర్రాళ్లలో జిమెనెజ్ ఒకడు. ఆ సెప్టెంబరులోనే, 18 ఏళ్లకే, మాస్టారు అతన్ని పెద్ద జట్టులో ఆడించారు.

కుర్రాడు ఒకే పద్ధతిలో ఎదగడం విలువేమిటో నాకు తెలుసు. నేను ఓ అకాడమీకి పంపిన కుర్రాడికి రెండేళ్లలో ముగ్గురు కోచ్‌లు మారారు. ఒకాయన వింగ్‌లో ఆడమన్నాడు, ఇంకొకాయన డిఫెన్స్‌లోకి లాగాడు. మూడో ఆయన వచ్చేసరికి, బంతి కాళ్ల దగ్గరకు రాగానే బెంచీ వైపు చూడటం వాడికి అలవాటైపోయింది.

తబారెస్ చేసినవన్నీ నాకు నచ్చలేదు. 2014 ప్రపంచకప్‌లో ఉరుగ్వే ఫార్వర్డ్ సువారెజ్ ఇటలీ ఆటగాణ్ని కొరికితే శిక్ష ఎక్కువైందంటూ ఫిఫాలో తనకున్న పదవులు వదిలేశారు. పిల్లాడి వెనక నిలబడటం సరే, తప్పుని తప్పని ముందు గట్టిగా చెప్పాల్సింది.

2021 నవంబరులో వరసగా నాలుగు ఓటముల తర్వాత ఆయన్ని తీసేశారు. ప్రపంచకప్ అర్హతకు ఇంకా నాలుగు మ్యాచ్‌లున్నాయి. కొత్త కోచ్ డీగో అలొన్సో నాలుగూ గెలిచాడు, నిర్ణయం సరైందేనని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. పదిహేనేళ్లు జట్టును కట్టిన మనిషికి ఆ నాలుగు మ్యాచ్‌లు దక్కాల్సింది. అదే జట్టు ఖతార్ ప్రపంచకప్‌లో గ్రూప్ దశ దాటలేదు. ఆ నాలుగు విజయాలు తెచ్చిన జట్టు మిడ్‌ఫీల్డ్‌లో వాల్వెర్దే ఉన్నాడు, బెంటాంకూర్ ఉన్నాడు. ఇద్దరికీ దేశం జెర్సీ మొదట తొడిగింది మాస్టారే.