ఆటల పీరియడు అప్రధానమా?

పరీక్షలు సమీపించగానే ఆటల పీరియడును లెక్కలకో, ఇంగ్లీషుకో అప్పగించుట హనుమకొండలోనేమి, మరియొకచోటనేమి, సర్వసాధారణమైనది. దీనివలన కలుగు నష్టమెట్టిదో యోచించువారు అరుదు.

పోర్చుగల్ జనాభా కోటి పైచిలుకు మాత్రమే. అయినను ఆ దేశము 2016లో యూరప్ ఫుట్‌బాల్ విజేతయైనది. బెన్ఫికా, పోర్టో, స్పోర్టింగ్ క్లబ్బులు బాలురను చిన్ననాటనే చేరదీసి తీర్చిదిద్దుట ఆ బలమునకు ముఖ్యకారణము. రొనాల్డో స్పోర్టింగ్‌లో అట్లు పెరిగినవాడే.

ఈ మార్గము మనకు క్రొత్తది కాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్స్ కప్పు గెలిచినది. దానికి శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉపాధ్యాయ వృత్తినుండి వచ్చినవారు. బంతిని తనకే అట్టిపెట్టుకొనక సహచరునకందించుట, రెండు కాళ్లతోను సమానముగా ఆడుట ఆయన నేర్పిన పాఠములు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానము పొందినది; 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1 గోళ్లతో ఓడించి స్వర్ణపతకము గెలిచినది. మరుసటి యేడే ఆయన కన్నుమూసినారు.

ఇండియన్ సూపర్ లీగులో 2022లో విజేతయైన హైదరాబాదు క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయినది. క్లబ్బు తరలిపోవచ్చును; బడి మైదానము తరలిపోదు. కావున ఆటల పీరియడును కాపాడుట ఉపాధ్యాయుని ధర్మము. ఆ గంటను కోరి అడుగుట విద్యార్థి హక్కు.