మార్కులు బాగుంటే పిల్లలు బాగున్నట్టేనా?

కౌమారంలో పిల్లవాడు దారి తప్పితే మనం మొదట వెతికేది వాణ్ని చెడగొట్టిందెవరా అని. స్నేహితుడో, సినిమానో, ఫోనో దొరుకుతుంది. నింద అక్కడ మోపాక ఇక ఇంట్లో ఆరా తీసే పని ఉండదు. అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ 1982లో ‘డిఫరెంట్ సీజన్స్’ సంపుటిలో వెలువరించిన ‘ఆప్ట్ ప్యూపిల్’ నవలిక ఈ అలవాటునే నిలదీస్తుంది. దయ్యాలు లేకుండానే ఒళ్లు జలదరింపజేసే కథ అది. కాలిఫోర్నియాలో కలిగిన కుటుంబంలో పెరుగుతున్న పదమూడేళ్ల టాడ్ బౌడెన్ చదువులో చురుకైనవాడు. తమ ఊళ్లో మారుపేరుతో బతుకుతున్న ముసలాయన ఒకప్పటి నాజీ శిబిరాధికారి డుసాండర్ అని కనిపెడతాడు. పోలీసులకు చెప్పడు. శిబిరంలో జరిగిన ఘోరాలను పూసగుచ్చినట్టు తనకు చెప్పకపోతే పట్టిస్తానని బెదిరిస్తాడు.

ఇక్కడ చెడు సావాసాన్ని వెతుక్కుంటూ వెళ్లింది పిల్లవాడే. స్నేహితుడి ఇంటి గ్యారేజీలో పాత పత్రికలు తిరగేసినప్పుడే ఆ ఘోరాలపై వాడికి మోజు పుట్టింది. నాజీ యూనిఫాం తెచ్చి ముసలాయన చేత తొడిగించి కవాతు చేయిస్తాడు. దాంతో ఆయనలోని పాత హంతకుడు మేల్కొంటాడు. చివరికి ఒకరికి తెలియకుండా ఒకరు నిలువనీడ లేని అభాగ్యులను చంపుతారు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఈ కథలో ఆ మార్పు రెండువైపులా జరుగుతుంది.

మరి పెద్దలు ఏం చేస్తున్నారు? చూపు మందగించిన వృద్ధుడికి కొడుకు పుస్తకాలు చదివి వినిపిస్తున్నాడని తల్లిదండ్రులు నమ్ముతారు. ఆయన్ను భోజనానికీ పిలుస్తారు. మార్కులు పడిపోయినప్పుడు మాత్రం బడి కౌన్సిలర్ కబురు పెడతాడు. డుసాండర్ తాతగా నటించి అతణ్ని నమ్మిస్తాడు, టాడ్‌ను కూర్చోబెట్టి చదివిస్తాడు. మార్కులు పెరగగానే అందరి ఆందోళనా తీరిపోతుంది. ఆ నిశ్చింతలోనే హత్యలు జరిగిపోతాయి. ర్యాంకుల ప్రకటనల మధ్య పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులు ఆగి ఆలోచించాల్సిన చోటు ఇదే.

ఇలాంటి రచనలే పిల్లల్ని చెడగొడతాయి కదా అనవచ్చు. ఆ భయం ఉత్తదేమీ కాదు. బడిలో తుపాకీ పట్టిన విద్యార్థి కథగా కింగ్ 1977లో మారుపేరుతో ‘రేజ్’ నవల అచ్చువేశారు. 1997లో కెంటకీలోని ఒక హైస్కూల్లో ముగ్గురు విద్యార్థినులను కాల్చిచంపిన బాలుడి దగ్గర ఆ పుస్తకం ఉందని తెలిశాక, దాన్ని తానే మార్కెట్ నుంచి తప్పించారు. పుస్తకం ఒక్కటే ఎవరినీ హంతకుణ్ని చేయదనీ, అప్పటికే లోపల రగులుతున్నవారికి అది ఆజ్యం కాగలదనీ 2013 నాటి ‘గన్స్’ వ్యాసంలో వాదించారు. నాకు ఆ రెండూ సబబుగానే తోస్తాయి. ఆజ్యాన్ని దూరం పెట్టాలి. అయితే లోపలి నిప్పును కనిపెట్టే పని అంతటితో తీరదు.

ఇదంతా నేరాన్ని పిల్లవాడి నెత్తిన రుద్దడమేనని మరో అభ్యంతరం. డుసాండర్ చేసిన పాపాలు టాడ్ వల్ల తగ్గవు. పిల్లల్ని ఉచ్చులోకి లాగే పెద్దలను చట్టం వదలకూడదు. అయినా దుష్టుణ్ని పట్టుకున్నంత మాత్రాన పిల్లవాడి మనసు మనకు తెలిసిపోదు. వాడు ఏం చదువుతున్నాడు, ఎవరితో తిరుగుతున్నాడు, ఇతరుల బాధ చూసి ఏమనుకుంటున్నాడు అన్న ప్రశ్నలు మార్కులు తగ్గిన రోజున మాత్రమే అడిగితే చాలవు. మార్కులు నిండుగా ఉన్న రోజునా అడగాలి.