పేరు ముందా? పని ముందా?

యూనియన్ ఎన్నికలొస్తే మన కాలేజీ గోడల నిండా పేర్లే. పేరు కోసమే పదవి అనుకునే మిత్రులకు మైక్ మాన్స్‌ఫీల్డ్ సంగతి చెప్పాలి.

అమెరికాలో మోంటానా రాగి గనుల్లో కూలిపని చేసిన మనిషాయన. మోరీన్ అనే టీచరు ప్రోద్బలంతో మళ్ళీ చదివి లెక్చరరయ్యారు, ఆమెనే పెళ్ళాడారు. 1943 నుండి 1977 వరకు చట్టసభల్లో ఉన్నారు. అందులో 16 ఏళ్ళు సెనేట్‌లో మెజారిటీ పక్ష నాయకుడు.

74 ఏళ్ళ వయసులో ఆయన్ను కార్టర్ జపాన్‌కు రాయబారిగా పంపారు. రాజకీయ నాయకులకు రాయబారి పదవులేమిటి, ఇది పునరావాసం కాదా అని మనవాళ్ళు అడుగుతారు. చాలాసార్లు ఆ మాట నిజమే. కాని 1981లో ఎదుటి పార్టీ రీగన్ అధ్యక్షుడయ్యాక కూడా ఈయన్నే ఉంచారు. ఎందుకని? ఎదుటివారి మాట వినడం ఆయనకు సెనేట్‌లోనే అలవాటైంది. అదే ఏడాది అమెరికా జలాంతర్గామి ఢీకొని జపాన్ ఓడ మునిగింది, ఇద్దరు చనిపోయారు. ఈ పెద్దాయన దబాయించలేదు; తల వంచి విచారం తెలిపారు. 1988 దాకా అక్కడే పనిచేశారు. ఆఫీసుకొచ్చినవారికి కాఫీ తానే కలిపిచ్చేవారట!

2001లో కన్నుమూశారు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఆయన సమాధి రాతిమీద ఈ పదవులేవీ లేవు. మెరైన్ దళంలో సిపాయి అని మాత్రమే ఉంది.

ఈసారి గెలిచేవాళ్ళు ముందు ఆ గోడలకు సున్నం వేయించాలనీ, ఓడినవాళ్ళ మాట కూడా వినాలనీ నా మనవి.