రాత్రి మిగిలిన మాంసం కూర

"డాక్టరుగారూ, పెళ్ళిలో రాత్రి తిన్న మాంసం కూరే మర్నాడు పొద్దున వెచ్చబెట్టుకుని తిన్నాం. రుచిలోగాని వాసనలోగాని తేడా లేదు. సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ కడుపునొప్పి, విరేచనాలు. వాసన రాని కూరలో విషం ఎలా వచ్చింది?" అని ఒక సోదరి అడిగారు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు చదువువల్ల కంటే అనుభవంవల్లనే ఎక్కువ వచ్చింది. మా అమ్మాయి నిశ్చితార్థంనాడు మిగిలిన కూరను గుండిగలోనే మూతపెట్టి వంటింట్లో ఉంచేశారు. నేను చూశాను. అలసటగా ఉండి ఊరుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం కాస్త వెచ్చజేసి వడ్డించారు. ఆ రాత్రికి తొమ్మిదిమంది చుట్టాలు పడకేశారు. ఎనిమిదిమంది ఒక్క రోజులో తేరుకున్నారు. డెబ్బై దాటిన మా అత్తగారికి మాత్రం మూత్రం తగ్గిపోయి రెండు రోజులు సెలైను ఎక్కించవలసి వచ్చింది. "ఇంట్లో డాక్టరుండి ఏం లాభం?" అని ఆవిడ ఇప్పటికీ అంటుంటారు. నా దగ్గర జవాబు లేదు.

ఇలాంటి సందర్భాల్లో తరచు కారణమయ్యేది క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా. మట్టిలో, దుమ్ములో, పశువుల పేగుల్లో, మన పేగుల్లోనూ ఉంటుంది. గడ్డుకాలం వస్తే గట్టి పెంకు కట్టుకుని స్పోరుగా మారిపోతుంది. కూర కుతకుత ఉడికినా కొన్ని స్పోర్లు చావవు. కూర చల్లారుతూ 45 డిగ్రీల ప్రాంతానికి దిగేసరికి అవి మేలుకుని, ఇంచుమించు పది నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. గాలి సోకని చోటు వాటికి ఇష్టం. పెద్ద గుండిగలో అడుగు, నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటాయి. ఇంతకంటే వాటికి ఏం కావాలి?

అయితే అమ్మా, విషం ముఖ్యంగా తయారయ్యేది కూరలో కాదు, మీ పేగులో. కూరతోపాటు లక్షలకొద్దీ మింగిన బాక్టీరియా అక్కడ మళ్ళీ స్పోర్లుగా మారుతూ విషాన్ని వదులుతాయి. అందుకే బాధ తిన్న వెంటనే రాక 6 నుంచి 24 గంటల లోపల వస్తుంది. వాసనకూ దీనికీ సంబంధం లేదు.

ఆ విషం ఒక ప్రోటీను. ఒంటరి అణువుగా ఉన్నంతసేపు దానివల్ల అపాయం లేదు. పేగు గోడలోని కణాలను పక్కపక్కన అతికించి ఉంచే క్లాడిన్ అనే ప్రోటీన్లు ఉంటాయి. విషపు అణువు వాటిలో కొన్నిటిని వెతికి పట్టుకుంటుంది. అలా పట్టుకున్నవి ఆరు చేరి గుండ్రంగా కట్టుకుంటాయి. అప్పుడు ప్రతి అణువూ తనలో మడిచి దాచుకున్న భాగాన్ని చాస్తుంది. ఆరూ కలిసి బావిలోకి ఒర దించినట్టు కణం పొరలోకి దిగుతాయి. పొరకు చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి కాల్షియం లోపలికి చొరబడి కణం చస్తుంది. ఒంట్లో నీరు పేగులోకి కారిపోతుంది. మనం విరేచనం అనేది దాన్నే.

ఈ బాక్టీరియాలోనే మరో రకం గొర్రెలకు చిటుక రోగం తెస్తుంది. దాని విషం పేరు ఎప్సిలాన్. అది పుట్టుకతో మొద్దుది. గొర్రె పేగులో మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్ వంటి ఎంజైములు దాని కొసలను కత్తిరించేస్తాయి. అంతే, అడ్డు తొలగిపోయి దాని బలం దాదాపు వెయ్యి రెట్లవుతుంది. ఇంటివాడే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టన్నమాట.

మూడో రకం విషం బీటా. దానికి సరిగ్గా ఇదే ట్రిప్సిన్ మృత్యువు. పాపువా న్యూగినీ కొండప్రాంతాల్లో చిలగడదుంపే ముఖ్యాహారం. మాంసకృత్తులు చాలని పిల్లల్లో ట్రిప్సిన్ తక్కువ. ఉన్న కాస్తనూ అడ్డుకునే పదార్థం ఆ దుంపలో ఉంటుంది. అలాంటి పిల్లలు విందునాడు పందిమాంసం తింటే బీటా విషం చెక్కుచెదరక పేగును కుళ్ళబెట్టేది. పిగ్‌బెల్ అనే ఆ జబ్బుతో ఎందరో చనిపోయారు. 1980లో టీకాలు మొదలయ్యాక కేసులు బాగా తగ్గాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆకలితో అలమటించిన ఉత్తర జర్మనీలోనూ ఈ జబ్బే కనిపించింది. ఇది చదివి మీరు చిలగడదుంపలు మానెయ్యకండి. కడుపునిండా పప్పూ పాలూ తినే ఇంట్లో వాటివల్ల భయం లేదు.

ఇక మీ వంటింటి సంగతి. మిగిలిన కూరను గుండిగలో ఉంచకండి. వెడల్పాటి చిన్న గిన్నెల్లోకి తీసి, రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్ళీ తినేముందు వెచ్చజెయ్యడం కాదు, అడుగునుంచీ కలుపుతూ తెర్లేదాకా మరగనివ్వండి. బతికున్న బాక్టీరియా చస్తుంది. మిగిలిన స్పోర్లు మళ్ళీ మేలుకోకముందే తినెయ్యాలి. రెండోసారి దాచవద్దు.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం తెచ్చుకోండి. దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, అన్నీ తలకొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా తాగించండి. దీనికి యాంటీబయాటిక్కులు అక్కర్లేదు. నెత్తురు పడినా, జ్వరం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ముసలివాళ్ళనూ పసిపిల్లలనూ అంతవరకూ కూడా ఆగనివ్వకండి.

మా అత్తగారి విషయం పూర్తిగా చెప్పలేదు. నీళ్ళు తాగితే విరేచనాలు ఎక్కువవుతాయని ఎవరో పెద్దావిడ చెప్పగా, పొద్దుననుంచీ ఆవిడకు గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆ సంగతి నేను సాయంత్రం డ్యూటీనుంచి వచ్చాకగాని తెలియలేదు.